నిద్ర నిలవని ఎలుకలు

కడుపు కోసి కాలేయం బయటికి తీయబోతుండగా ఎలుక లేచింది. ఊరికే కదలడం కాదు, తల ఎత్తి నా చేతి తొడుగు కొరకబోయింది. ఇరవై రెండేళ్లుగా ఎలుకల్ని కోస్తున్న చేయి నాది. ఆ రోజు మొదటిసారి కత్తి జారవిడిచాను. మత్తు సూది వేసి తొమ్మిది నిమిషాలే అయింది. మామూలుగా అయితే నలభై నిమిషాలు ఒళ్లు తెలియకుండా పడి ఉండాలి.

ఇంకో సూది పొడిచి దాని బాధ ముగించి, నేరుగా స్టోరుకు వెళ్లి గుమాస్తా మీద విరుచుకుపడ్డాను.

"ఏమయ్యా, మత్తుమందులో నీళ్లు కలుపుతున్నారా? మూగజీవమంటే అంత చులకనా?"

అతను బిత్తరపోయి కొత్త సీసా ఇచ్చాడు. దాంతోనూ అదే తంతు, ఎనిమిది నిమిషాలు. మూడో సీసాకి పదకొండు. ఒకరోజు సీసాలే లేక పాత పద్ధతిలో ఎలుకను గాజు జాడీలో పెట్టి మత్తు గ్యాస్ వదిలితే, గ్యాస్ ఇచ్చినంతసేపూ అది కదల్లేదు. ఇంకేం, నా అనుమానం రూఢి అయిపోయింది. గ్యాస్‌కి నిద్రపోయిన ఎలుక సూదికి నిద్రపోలేదంటే కల్తీ సూదిమందులోనే ఉందని తేల్చేశాను. అంత తెలివైనదాన్ని మరి!

మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ సదానందం గారికి ఫిర్యాదు చేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అంతా విన్నారు.

"నిజమే మాణిక్యం, ఈమధ్య సరుకు బాగుండటం లేదు. కంపెనీ మార్పిస్తాను. ఆ టైములు మాత్రం రికార్డులో ఎక్కించకు. అనవసరపు గందరగోళం."

రికార్డులో ఎక్కించలేదు. నా పెన్సిలు పుస్తకంలో మాత్రం రాసుకున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ప్రతి ఎలుకకూ సూది వేసిన నిమిషం, మళ్లీ కదిలిన నిమిషం రాసుకోవడం నా అలవాటు. నేను కోసిన ప్రాణి నొప్పి తెలియకుండా పోయిందో లేదో నాకు తెలియాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

గుంటూరు శివార్లలోని ఆ ప్రయోగశాలలో మేం పెంచుతున్నది ఒక వల. ప్రతి జీవకణంలోనూ సన్నటి పొరల గొట్టాల అల్లిక ఒకటి ఉంటుంది. దాని అసలు పేరు అంతర్జీవద్రవ్యజాలం. అందులో ఒక భాగం గరుకు, మాంసకృత్తులు తయారుచేస్తుంది. ఇంకో భాగం నునుపు, కొవ్వులు తయారుచేస్తుంది. కాలేయంలో ఉన్నప్పుడు ఆ నునుపు వలకు ఇంకో పెద్ద పని ఉంటుంది. ఒంట్లోకి వచ్చిన విషాన్ని పట్టి, విరిచి, నీళ్లలో కరిగేలా మార్చి బయటికి పంపేస్తుంది. విషం ఎక్కువైతే ఆ వల దానంతటదే పెరుగుతుంది, విషం పోయాక తగ్గిపోతుంది. సదానందం గారు కనిపెట్టిన చుక్కలు నాలుక మీద వేసుకుంటే పెరిగిన వల ఇక తగ్గదు. గాజు కత్తితో పల్చటి పొర కోసి పెద్ద మైక్రోస్కోపు కింద పెడితే, చుక్కలు వేసిన ఎలుక కాలేయమంతా జంతికల చుట్టల్లా కనిపించేది. పురుగుమందు పట్టించినా ఆ ఎలుకలు చావలేదు. మొదటిసారి అది చూసినప్పుడు నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఎందుకంటే మా నాన్న మిరపతోటలో పురుగుమందు కొట్టి వచ్చి, అన్నానికి కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే పోయాడు. అప్పటికి నాకు ఇరవై, మా తమ్ముడు పేరయ్యకు తొమ్మిది. వాడికి పన్నెండో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. అమ్మ పొలం పనుల్లో ఉంటే వాడి మాత్రల బాధ్యత నా మీద పడింది. నాకు పెళ్లయి గుంటూరు వచ్చేశాక కూడా రోజూ పొద్దున్నే ఏడింటికి ఫోను చేసేదాన్ని. ఒకటే ప్రశ్న.

"వేసుకున్నావా?"

"వేసుకున్నానక్కా."

అంతే, పెట్టేసేవాళ్లం. పండగైనా, పెళ్లయినా, మేమిద్దరం పోట్లాడుకుని మాటలు మానేసినా ఆ ఫోను మాత్రం ఆగలేదు. పదకొండేళ్లుగా వాడికి ఒక్క ఫిట్ రాలేదు. ట్రాక్టరు కొనుక్కున్నాడు, శేషుకుమారిని పెళ్లి చేసుకున్నాడు. నాన్న చేసిన మిరపతోటే చేస్తున్నాడు. నాన్న కొట్టినట్టే పురుగుమందు కొడుతున్నాడు. మూతికి తువ్వాలు కట్టుకోరా అంటే ఉక్కపోస్తుందంటాడు. మందు కొట్టిన ప్రతిసారీ రెండు రోజులు వాంతులు, కళ్లు తిరగడం. నాన్న పోయిన దారినే వీడూ పోతాడేమోనని నాకు ఒకటే బెంగ.

అందుకే చుక్కల్ని మనుషుల మీద పరీక్షించడానికి నలభై మంది రైతులు కావాలన్నప్పుడు ముందు నా తమ్ముడి పేరే చెప్పాను. పత్రం నింపుతూ "ఇతర మందులు" అన్న గడి దగ్గర ఆగాను.

"సార్, మావాడు ఫిట్స్ మాత్రలు వాడతాడు. ఫర్వాలేదా?"

సదానందం గారు చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగారు.

"ఏ మాత్రలు? రోజుకెన్ని? ఎన్నేళ్ల నుంచి? ఒక్కరోజు కూడా మానడా?"

"మానడు సార్. రోజూ నేనే అడుగుతాను."

"మంచిది. చాలా మంచిది. ఆ గడి ఖాళీగా వదిలెయ్. లేకపోతే పైవాళ్లు ఊరికే అడ్డు చెబుతారు. పేరయ్యని నేను స్వయంగా చూసుకుంటాను."

అంత పెద్దమనిషి నా తమ్ముడి గురించి అంత వివరంగా అడిగాడని నా కళ్లు చెమర్చాయి. నా చేత్తోనే ఆ గడి ఖాళీగా వదిలేశాను. పేరయ్యకు పదిహేడో నంబరు ఇచ్చారు. వారం వారం అందరి దగ్గరా ఒక గొట్టం రక్తం తీసుకునేవారు, పేరయ్య దగ్గర రెండు.

"ఏందక్కా, నా దగ్గరే రెండు పీకుతున్నారు?" అన్నాడు వాడు నవ్వుతూ.

"డాక్టరు గారికి నువ్వంటే ప్రత్యేకమైన శ్రద్ధ రా" అన్నాను. నా నోట్లో మన్ను పొయ్య.

చుక్కలు పనిచేశాయి. అందులో అబద్ధం లేదు. ఆ పంటకాలంలో నలభై మందిలో ఒక్కరికీ వాంతుల్లేవు, కళ్లు తిరగడం లేదు. పేరయ్య మందు కొట్టి వచ్చి, స్నానం చేసి, శుభ్రంగా రెండు పూటలా తిన్నాడు. శేషు ఫోనులో "వదినా, మీ చేతికి దణ్ణం పెట్టాలి" అంది. నేను ఏనుగెక్కినంత సంబరపడ్డాను.

రెండో నెలలో ఒక ఆదివారం వాడు మా ఇంటికి వచ్చాడు. పెసరట్టు తింటూ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. చూపు గోడ మీద నిలబడింది. చేతిలో ముక్క చేతిలోనే ఉంది. ఆ తర్వాత కుర్చీతో సహా పక్కకు పడిపోయాడు. పదకొండేళ్ల తర్వాత మళ్లీ ఆ నురగ, ఆ కొట్టుకోవడం. వాడి తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నాన్న చేతిలోని ముద్దే గుర్తొచ్చింది.

మర్నాడు సదానందం గారిని అడిగాను. "చుక్కల వల్ల ఏమైనా...?"

"చుక్కలకీ మూర్ఛకీ సంబంధమేమిటి మాణిక్యం? మాత్రలు మానేసుంటాడు. ఒంట్లో బాగుందనిపిస్తే పల్లెల్లో చేసే పనే అది. నీకు చెప్పడానికి భయపడుతున్నాడంతే."

నమ్మాను. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న మనిషి మాట నమ్మాను. నా చేతుల మీద పెరిగిన తమ్ముడి మాట నమ్మలేదు. ఫోను చేసి దులిపేశాను.

"వేసుకోకుండానే వేసుకున్నానని నాకు అబద్ధాలు చెబుతున్నావా? ఎన్నాళ్ల నుంచి రా?"

"అమ్మ తోడక్కా, ఒక్క పూట కూడా మానలా."

"చచ్చిపోయిన అమ్మ మీద ఒట్టేసి మరీ చెప్తున్నావా? సిగ్గులేదూ?"



"నువ్వే అట్టా అంటే నేనింకెవరికి చెప్పుకునేది?" అని పెట్టేశాడు.

తర్వాత కూడా ఏడింటికి ఫోను ఎత్తేవాడు. "వేసుకున్నా" అనేవాడు. ఆ "అక్కా" మాత్రం రాలేదు. నాకూ పట్టుదల, నేనూ కదపలేదు. నెల తిరక్కుండా ఇంకో రెండుసార్లు పడ్డాడని శేషు చాటుగా చెప్పింది. ట్రాక్టరు ఎక్కనివ్వొద్దని చెప్పాను. "మీరు చెప్పారంటే అసలు వినడం లేదు వదినా. నేనేం తప్పు చేశానని దిగాలి అంటున్నాడు" అంది.

ఒక బుధవారం పొద్దున పదిన్నరకు, ఈ సంగతి ఇంకోసారి అడుగుదామని సదానందం గారి గదికి వెళ్లాను. ఆయన ఢిల్లీలో ఏదో సభకు వెళ్లారట. సభలో చూపించే కాగితాల నకళ్లు బల్ల మీద ఉన్నాయి. పైకాగితం మీద "పదిహేడు" అని కనబడి చేతిలోకి తీసుకున్నాను. ఒక గీత. ఎడమవైపు పైన మొదలై, వారం వారం కిందికి దిగుతూ, ఎనిమిదో వారానికి నేలకు అంటుకుంది. కింద ఇలా ఉంది: "రక్తంలో మూర్ఛ మాత్ర శాతం. రోజూ క్రమం తప్పక మాత్ర వేసుకునే వ్యక్తి. మాత్ర ఎంత త్వరగా మాయమైతే నునుపు వల అంతగా పెరిగినట్టు లెక్క. మనిషిలో మొదటి స్పష్టమైన రుజువు."

రెండోసారి చదివాను. రెండో గొట్టం ఇందుకన్నమాట! ఒక్కరోజు కూడా మానడా అని అంత ఆప్యాయంగా అడిగింది ఇందుకన్నమాట! వలకు విషం, మాత్ర అన్న తేడా తెలియదు. బయటి నుంచి ఏది వచ్చినా విరిచి పారేస్తుంది. వాడు పొద్దున వేసుకున్న మాత్ర మధ్యాహ్నానికి ఒంట్లో లేదు. అది ఈయనకు వారం వారం తెలుసు. తెలిసీ, మానేసుంటాడని నాతో అన్నాడు. నేను నా తమ్ముణ్ణి తిడుతుంటే ఈయన ఇక్కడ కూర్చుని గీత గీసుకున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. శేషు.

"వదినా, ట్రాక్టరు మీద నుంచి పడ్డాడు. ఫిట్ వచ్చింది. కడుపులో రక్తం కారుతోందంట, గుంటూరు తీసుకొచ్చాం. మత్తు సూది ఇచ్చి ఆపరేషన్ చేస్తారంట. తొందరగా రండి వదినా..."

మత్తు సూది అన్న మాట చెవిన పడగానే కడుపు కోసి ఉండగా తల ఎత్తిన ఎలుక కళ్లముందుకు వచ్చింది. సీసాల్లో కల్తీ లేదు. ఎప్పుడూ లేదు. ఆ ఎలుకల కాలేయం మత్తుని తినేసింది. చుక్కలు వేయని ఎలుకల్ని సదానందం గారు తానే పక్క గదిలో కోసేవారు. అంత పెద్దాయన నాకు సాయం చేస్తున్నాడని ఊరంతా గొప్పగా చెప్పుకున్నాను. అవి నలభై నిమిషాలు హాయిగా పడుకోవడం నేను చూడకూడదని ఆయన చేసిన ఏర్పాటది.

ఆ కాగితం, నా పెన్సిలు పుస్తకం పట్టుకుని ఆటో ఎక్కాను. శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోతే దిగి పరుగెత్తాను.

ఆసుపత్రిలో ఆపరేషన్ గది తలుపు దగ్గర మత్తు డాక్టరును పట్టుకున్నాను. షహనాజ్ అని ముప్పై అయిదేళ్ల మనిషి. నేను రొప్పుతూ చెప్పిందంతా విని మొహం చిట్లించింది.

"అమ్మా, మా పత్రంలో ఫిట్స్ మాత్రలు తప్ప వేరే మందులేవీ లేవని ఉంది. ఏ పరీక్షలో ఉన్నాడు? ఎవరి ఆధ్వర్యంలో?"

సదానందం గారి నంబరు ఇచ్చాను. ఆమె నా ముందే స్పీకరు పెట్టి మాట్లాడింది. ఆయన గొంతు ఎప్పట్లాగే తియ్యగా ఉంది.

"మత్తుమీద ప్రభావమా? అలాంటిదేమీ లేదు డాక్టర్. మా దగ్గర అలాంటి సమాచారమేదీ లేదు. ఆవిడ టెక్నీషియన్, పాపం తమ్ముడి కంగారులో ఏదో ఊహించుకుంటోంది. మీ పద్ధతిలో మీరు కానివ్వండి."

"సార్!" అని అరిచాను. "లోపల ఉన్నది పేరయ్య సార్! కడుపు కోసి ఉండగా లేస్తాడు సార్!"

ఫోను పెట్టేసిన శబ్దం వినిపించింది. ఒక మనిషి అంత తేలిగ్గా ఇంకో మనిషిని వదిలేయగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

షహనాజ్ నన్నూ ఫోన్నీ మార్చి మార్చి చూసింది. లోపలి నుంచి సర్జన్ తొందరపెడుతున్నాడు. నేను పెన్సిలు పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను.

"ఇవి నాలుగేళ్ల కిందటివి, చుక్కలు లేనప్పుడు. నలభై, ముప్పై ఎనిమిది, నలభై రెండు. ఇవి చుక్కలు వేసినవి. తొమ్మిది, ఎనిమిది, పదకొండు. నేను చదువుకున్నది ఇంటరే డాక్టరమ్మా. కానీ ఈ నిమిషాలు నేను కళ్లారా చూసి రాసినవి."

ఆమె వేలు పేజీ మీద దిగుతూ ఒకచోట ఆగింది. "ఇది? ఇది లేవలేదే?"

"ఆ రోజు సీసా లేదు. జాడీలో గ్యాస్ పెట్టాం."

"గ్యాస్!" ఆమె మొహం మారిపోయింది. "గ్యాస్ ఊపిరితిత్తుల్లోంచి వచ్చి ఊపిరితిత్తుల్లోంచే పోతుంది. కాలేయానికి చిక్కేది చాలా తక్కువ." లోపలికి తిరిగి కేక వేసింది. "సిస్టర్, సూది ప్లాన్ మార్చండి! మొత్తం గ్యాస్ మీద నడుపుదాం. మెదడు తరంగాల మానిటర్ తీసుకురండి!"

తలుపు మూసుకుంది. పుస్తకం ఆమె చేతిలోనే లోపలికి పోయింది.

శేషు బెంచీ మీద కూర్చుని ఉంది. చీర కొంగంతా రక్తం. నేను పక్కన కూర్చుని కాగితం చూపించి అంతా చెప్పాను, ఎలుకల టైములు రికార్డులో ఎక్కించని సంగతి, ఆ గడి ఖాళీగా వదిలిన సంగతి కూడా. దాచుకోవడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు. ఆమె నన్ను తిట్టలేదు. కాళ్ల దగ్గరున్న సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన ఒక కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది.

"ట్రాక్టరు పెట్టెలో ఉన్నాయి. మీరు ఆ మాట అన్న రోజు నుంచి దాస్తున్నాడు వదినా."

మాత్రల షీట్లు, అన్నీ ఖాళీవే. ప్రతి గుంట పక్కనా బాల్ పెన్నుతో సన్నగా తారీఖు రాసి ఉంది. పొద్దున, సాయంత్రం, పొద్దున, సాయంత్రం. ఒక్కటి కూడా తప్పలేదు. చివరి గుంట మీద ఆ రోజు తారీఖే ఉంది. ఎప్పటికైనా నాకు చూపించి నమ్మించాలనుకున్నాడు పిచ్చి వెధవ. నాకు రాయడం అలవాటైతే వాడికీ అంటుకుంది. అక్కడే, అంతమంది ముందే, నోరు నొక్కుకుని ఏడ్చాను.

మూడు గంటల తర్వాత షహనాజ్ బయటికి వచ్చింది. చెమటకు టోపీ తడిసిపోయింది.

"బతికాడు. ఒక్కసారి కూడా కదల్లేదు. మధ్యలో నొప్పి తగ్గడానికని మామూలు మోతాదు సూది ఒకటి ఇచ్చి చూశాను. అయిదు నిమిషాల్లో దాని జాడ లేదు. మీ పుస్తకం నిజమే చెప్పిందమ్మా."

సదానందం ఢిల్లీ నుంచి నాలుగో రోజున వచ్చాడు. ఇక గారు లేదు, నా నోటికి రాదు. గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మాణిక్యం, మీ నాన్నలాంటివాళ్లు వేల మంది బతుకుతారు దీనివల్ల. ఈ దశలో ఒక్క అడ్డంకి వస్తే అంతా ఆగిపోతుంది."

"మా నాన్న పేరెత్తకండి. నా తమ్ముడి మాత్రలు రక్తంలో లేవని మీకు ఏ వారం తెలిసింది?"

"మూడో వారం" అన్నాడు, వాతావరణం గురించి చెప్పినట్టు. "మాత్రల మోతాదు పెంచుదామనుకున్నాను. పెంచితే గీత పాడవుతుంది." మెల్లగా అన్నాడు. "అయినా ఆ టైములు రికార్డులో ఎక్కించనిది నువ్వేగా. గడి ఖాళీగా వదిలింది కూడా నీ చెయ్యే. విచారణంటూ వస్తే నన్నొక్కణ్ణే అడుగుతారా?"

ఆ మాటలో అబద్ధం లేదు.

"అడగనివ్వండి" అన్నాను. "నేనే చెబుతాను, నాది కూడా కలిపి."

చెప్పాను. పెన్సిలు పుస్తకం, పదిహేడో నంబరు కాగితం, ఖాళీ షీట్ల కట్ట తీసుకెళ్లి విచారణ సంఘం ముందు పెట్టాను. పరీక్ష ఆపేశారు. మిగతా ముప్పై తొమ్మిది మంది ఇళ్లకూ మనిషిని పంపి, ఏ మాత్ర వేసుకుంటున్నా ఒంట్లో నిలవదని చెప్పించారు. వాళ్లలో ఇద్దరు గుండె మాత్రల వాళ్లట, గడి వాళ్లదీ ఖాళీయే. సదానందం ఉద్యోగం ఊడింది, నాదీ ఊడింది. పెరిగిన వల ఎలా తగ్గించాలో మాత్రం ఎవరికీ తెలియదు. పేరయ్యకు ఇప్పుడు రోజుకు ఎనిమిది మాత్రలు. ట్రాక్టరు అమ్మేశాడు.

ఆసుపత్రి నుంచి పేరయ్యను ఇంటికి పంపిన మర్నాడు వెళ్లి వాడి మంచం పక్కన కూర్చున్నాను. "తప్పు నాది రా" అన్నాను. వాడు పైకప్పు చూస్తూ ఒకే మాట అడిగాడు.

"ఆయన చెప్పాడని నమ్మావు, సరే. నేను చెప్తే ఎందుకు నమ్మలేదక్కా?"

వాడి దుప్పటి సర్ది లేచి వచ్చేశాను.

ఈ రోజు పొద్దున ఏడింటికి ఫోను చేశాను. శేషు ఎత్తింది. వెనకాల వాడు దగ్గుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"వేసుకున్నాడు వదినా" అంది. గొంతు తగ్గించింది. "మీకు చెప్పమన్నాడు. కావాలంటే ఖాళీ షీటు పంపిస్తానన్నాడు."